ఇల్లు మారుతున్నారా? ముందు అమానతులు అప్పగించండి

ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులిచ్చారంటే మండపేటలో ఏదో ఒక వీధి మలుపున సామాను బండి కనబడుతూనే ఉంటుంది. పైన బోర్లించిన నవారు మంచం, దాని కోళ్ల మధ్య చుట్టిన పరుపులు, వెనక తాడుతో కట్టిన సైకిలు. డ్రైవరు పక్కన ఒడిలో మూట పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ. ఆ మూటలో ఏముందో మన ఇళ్లలోని వారికి చెప్పనక్కరలేదు. జుజ్‌దానులో చుట్టిన ఖుర్ఆన్ గ్రంథం, నాలుగు కాగితాలు, ఉంటే కాసింత బంగారం.

అద్దె ఇళ్లలో ఉండేవారికి ఈ ప్రయాణం తప్పదు. బదిలీ అయిందని ఒకరు, అమ్మాయిని ఇంటరులో చేర్పించాలని ఒకరు, కొడుక్కి పెళ్లి చేస్తున్నాం ఖాళీ చెయ్యండని ఇంటివారు అన్నారని మరొకరు ఇల్లు మారుతూనే ఉంటారు. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నాక ఇల్లు చాలక కదిలేవారూ ఉన్నారు. అలా కదిలేవారికి అందరూ చెప్పే సలహాలు సామాను గురించే. గాజు సామాను ఇలా కట్టండి, మంచం అలా విప్పండి అంటారు. నిజానికి సామానుదే సులువైన పని. విరిగితే ఒక గ్లాసు విరుగుతుంది. మన బీరువాలో ఉండిపోయిన పరాయివారి సొత్తు, మన మీద ఉన్న చిల్లర బాకీలు, పాత ఊరి దఫ్తరులలో ఉండిపోయిన మన కాగితాలు మాత్రం ఎవరూ గుర్తుచెయ్యరు. బండి కదిలిపోయాక అవి గుర్తొచ్చి ప్రయోజనం తక్కువ.

బియ్యపు రవ్వ కింద మూట

మా నాన్నగారు మండపేటలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా పనిచేసేవారు. 1989 వేసవిలో మేము రాజమండ్రికి మారాము. సుమారు 30 కిలోమీటర్ల దూరం. ఈనాడు అది గంట ప్రయాణం, కాని మా అమ్మగారికి ఆ రోజుల్లో అది వేరే దేశం వెళ్లడంతో సమానం. నాకప్పుడు 12 ఏళ్లు.

మా పక్క వాటాలో ఒక పిన్నిగారు ఉండేవారు. మతం వేరు, గోడ ఒకటే. రెండు గేదెలు పెట్టుకుని పాలు పోసేవారు. ఆయన చెడ్డవాడు కాదు గాని, చేతిలో పేక ముక్క పడితే ఇంట్లో ఉన్న డబ్బు ఆగేది కాదు. అందుకని ఆవిడ పాల డబ్బులో నెలకింత మిగిల్చి, చేతిరుమాలులో ముడివేసి మా అమ్మగారికి ఇచ్చేవారట. అమ్మగారు దాన్ని బీరువాలో జానమాజుల అడుగున పెట్టేవారట. ఈ 'అట'లన్నీ ఎందుకంటే, ఆ సంగతి అప్పట్లో మా నాన్నగారికి కూడా తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పవద్దన్నారు కాబట్టి అమ్మగారు ఎవరికీ చెప్పలేదు. ఐదేళ్లు అలా గడిచింది.

ఇల్లు మారడం ఖాయం కాగానే మా అమ్మగారికి నిద్రపట్టలేదట. మూట తిరిగి ఇచ్చేస్తే అది ఆ ఇంట్లో వారం రోజులు నిలవదు. తనతో తీసుకుపోతే, అవసరం వచ్చిన నాడు ఆవిడ రాజమండ్రి వచ్చి అడగగలదా? ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. సామాను కట్టడానికి నెల రోజుల ముందే, గేదె దాణా కొనే నెపంతో ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లి పోస్టాఫీసులో ఆవిడ పేరునే పాస్ పుస్తకం తీయించారు. పెద్ద మొత్తం అందులో పడింది. చేతిఖర్చుకని ఆవిడ కొంత వెనక్కి అడిగారు. పుస్తకం, ఆ కొంత డబ్బు, కలిపి ఒక మూట అయింది.

బయలుదేరే రోజున ఇల్లంతా జనం. పిన్నిగారి భర్త కూడా తాళ్లు బిగించడానికి వచ్చి మా నడవలోనే ఉన్నారు. అమ్మగారు నన్ను పిలిచి మూతపెట్టిన ఇత్తడి గిన్నె ఒకటి చేతికిచ్చారు. "ఇది పిన్నిగారి గిన్నె, మన దగ్గరే ఉండిపోయింది. లోపల బియ్యపు రవ్వ ఉంది, వెంటనే డబ్బాలో పోసుకోమన్నానని చెప్పు" అన్నారు. నేను ఆయన పక్కనుంచే ఆ గిన్నె పట్టుకుని వెళ్లాను. పిన్నిగారు గిన్నె అందుకుని నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. రవ్వ ఇచ్చినందుకు ఇంత దేనికి అనుకున్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత, మేము మరోసారి ఇల్లు మారుతుంటే అమ్మగారు ఆ సంగతి చెప్పారు. అప్పటికి ఆ దంపతులిద్దరూ లేరు. లేరు గనుకనే చెప్పారు.

ఆ కుటుంబం వదిలివెళ్లిన ఊరు మక్కా

మన చరిత్రలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన ప్రయాణం ఒక ఇల్లు మారడమే. క్రీ.శ. 622లో దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా వదలి మదీనాకు తరలివెళ్లారు. హిజ్రత్ గురించి జుమా ప్రసంగాలలో వింటూనే ఉంటాం గాని, ఆ ప్రయాణానికి జరిగిన సన్నాహాలను ఒక గృహస్థు కంటితో చూడడం తక్కువ.

హజ్రత్ అబూబక్ర్ (రజి) రెండు ఒంటెలను నాలుగు నెలల ముందునుంచే ఇంటివద్ద మేపి సిద్ధంగా ఉంచారు. దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే మనిషిని కూలికి మాట్లాడుకున్నారు. అతను అప్పటికి ముస్లిం కాడు. దారి బాగా తెలిసినవాడు, మాట మీద నిలబడేవాడు, అంతే చూశారు. ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరకు తెమ్మని చెప్పారు. దారిబత్తెం మూట కట్టడానికి తాడు దొరకక హజ్రత్ అస్మా (రజి) తన నడికట్టును రెండుగా చింపి కట్టారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకలను తోలుకొచ్చి పాలు ఇచ్చేవారు. ఎవరి పని వారికి ముందే పంచి ఉంది.

ఇక ఊరు ఊరంతా పగబట్టి ఉన్నా, మక్కావాసులు తమ విలువైన వస్తువులను దాచుకోవడానికి ప్రవక్త (స) వద్దకే తెచ్చేవారు. చంపాలని చూసినవారి ఊరిలోవే ఆ అమానతులు. వాటిని వదిలేసి వెళ్లిపోవడానికి అంతకన్నా మంచి సాకు ఎవరికి దొరుకుతుంది? అయినా హజ్రత్ అలీ (రజి) గారిని వెనక ఉంచి, ఎవరి సొత్తు వారికి అప్పగించి రమ్మన్నారు. ఆయన మూడు రోజులు మక్కాలో ఉండి ఆ పని ముగించుకుని బయలుదేరారు.

కుటుంబం మొత్తం ఒకేసారి కదలలేదన్నది కూడా గుర్తుంచుకోదగిన విషయం. మదీనా చేరాక ప్రవక్త (స) సుమారు ఏడు నెలలు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో ఉన్నారు. తర్వాత జైద్ బిన్ హారిసా (రజి), అబూ రాఫె (రజి) గార్లను మక్కాకు పంపి ఇంటివారిని రప్పించారు. అందరికీ అంత సాఫీగా జరగలేదు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) భర్తతో బయలుదేరితే పుట్టింటివారు ఆమెను ఆపేశారు, అత్తింటివారు బిడ్డను లాక్కున్నారు. మళ్లీ ముగ్గురూ ఒకచోట చేరడానికి దాదాపు ఏడాది పట్టింది. భర్త ముందు వెళ్లి ఉద్యోగంలో చేరడం, భార్యాబిడ్డలు పాత ఊరిలో ఉండిపోవడం నేడు కూడా చూస్తున్నాం. "ఇల్లు దొరకగానే తీసుకెళ్తాను" అన్న మాటకు ఒక తేదీ పెట్టుకోవడం మంచిది.

ఎవరెవరివి మన దగ్గర ఉన్నాయి?

మా అమ్మగారి పద్ధతి ఒకటుండేది. సామాను కట్టడానికి ముందు ఒక రాత్రి దీపం పెట్టుకుని, పిల్లల పాత నోటుబుక్కు తీసుకుని, వంటింటితో మొదలుపెట్టి గది గదీ తిరిగేవారు. మనవి కానివి మాత్రమే రాసేవారు. మనవి రాయనక్కరలేదు, వాటిని మనం మర్చిపోం అనేవారు. పెళ్లికి తెచ్చిన డేగిసా, బక్రీదునాడు మాంసం పంచడానికి ఎవరిదో తెచ్చిన పళ్లెం, మసీదు నుంచి తెచ్చిన చాపలు, గోడకు సున్నం వేయడానికి అడిగి తెచ్చిన నిచ్చెన. ఆ పట్టిక చూస్తే ఊళ్లో మనం ఎంతమంది మీద ఆధారపడి బతికామో తెలిసేది.

ఇంట్లో లేనివారి వస్తువుల సంగతి వేరుగా చెప్పాలి. గోదావరి జిల్లాలనుంచి కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడపడుచులు ఎందరో ఉన్నారు. వారి ట్రంకుపెట్టె పుట్టింట్లోనో, అక్క ఇంట్లోనో ఉంటుంది. ఇల్లు మారే హడావుడిలో "దీంట్లో ఏముందిలే పాత చీరలు" అని తీసిపారేసిన పెట్టెలో ఆమె నికానామా ఉందని తెలిసి బాధపడిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. ఫోను చేసి, ఆమె మాట తీసుకుని, ఆమె చెప్పినవారి ముందు తెరవండి. ఇంటి ఇల్లాలు పుట్టింటినుంచి తెచ్చుకున్న బీరువా, మంచం కూడా అంతే. కొత్త ఇంట్లో పట్టదని పాత సామానువాడికి అమ్మేసే ముందు ఆమెను అడగాలి. ఆ సొత్తు ఆమెది. అమ్మిన డబ్బు కూడా ఆమెదే. ఈ మాట కొందరు సోదరులకు రుచించకపోవచ్చు.

బాకీలు నోటితో గుర్తుపెట్టుకున్నవి పోతాయి. కిరాణా ఖాతా, పాలు, చాకలి, మెడికల్ షాపు, పిల్లల ట్యూషను మాస్టారు. చివరి వారంలో వీరందరి దగ్గరకూ మగవారే స్వయంగా వెళ్లి లెక్క చూసుకోవాలి, పిల్లలను పంపకూడదు. మా నాన్నగారు ఒక కిరాణా కొట్టులో పదహారు రూపాయలు మిగిలిపోయాయని రాజమండ్రి వెళ్లాక గుర్తొచ్చి, ఆరు నెలల తర్వాత పనిమీద మండపేట వచ్చినపుడు ఇవ్వబోతే కొట్టు యజమాని అప్పటికే చనిపోయారు. కొడుకు తీసుకోనన్నాడు. నాన్నగారు ఇచ్చేదాకా మెట్లు దిగలేదు.

ఇంటివారితో లెక్క కూడా ఇలాగే నోటిమాటగా వదలకండి. మేము ఒక ఊళ్లో ఖాళీ చేసినపుడు అడ్వాన్సు మొత్తం రంగులకే సరిపోయిందన్నారు. చేతిలో కాగితం లేదు, నోరు మూసుకుని వచ్చాము. చేరేటప్పుడే అడ్వాన్సు ఎంత, రంగుల ఖర్చు ఎవరిది అన్నది రాయించుకోండి. ఖాళీ చేసే రోజున కరెంటు మీటరు అంకెలు ఇంటివారి ఎదుటే రాసుకోండి, ఫోనుతో ఫొటో తీసుకుంటే మరీ మంచిది.

కాగితాల సంచి

1996 నవంబరు 6న తుఫాను వచ్చిన రాత్రి తూర్పు గోదావరిలో ఎన్నో ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. ఆ తర్వాత ఎండలో రాళ్లు పెట్టి కాగితాలు ఆరబెట్టుకున్న రోజులు పెద్దవారికి జ్ఞాపకం ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు కాగితాలకు అంతటి ప్రమాదమూ ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా వస్తుంది. అసలు కాగితాలను బండిలో వేయకండి. ఒకే సంచి, ఒకే మనిషి చేతిలో ఉండాలి.

ఉన్న కాగితాలు జాగ్రత్త చేయడం ఒక ఎత్తు, ఊరు వదలకముందే తెచ్చుకోవలసినవి మరొక ఎత్తు. మొదట నికానామా. పెళ్లి ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి ఖాజీ దఫ్తరులోనే దాని నమోదు ఉంటుంది. పాస్‌పోర్టులో భర్త పేరు రాయించాలన్నా, భర్త పోయాక పింఛను అడగాలన్నా ఈ కాగితమే ఆధారం. ఖాజీగారు మారాక, పుస్తకాలు పాతబడ్డాక వెదికించుకోవడం కష్టం. నకలు ఇప్పుడే తీసుకోండి.

తర్వాత కుల ధ్రువపత్రం. ముస్లిములలో దూదేకులవారు బి.సి.-బి జాబితాలో ఉన్నారు. 2007 చట్టం ప్రకారం 14 వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను వచ్చింది. దాని మీద వ్యాజ్యం నడిచి, 2010లో హైకోర్టు కొట్టివేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు ఆగలేదు. ఈ పత్రాలు ఇచ్చేది తహశీల్దారు. తండ్రి, తాతల నివాసం ఎక్కడో అక్కడి రికార్డులు చూసే ఇస్తారు. మండపేటలో రెండు వీధుల అవతల దొరికే పత్రం కోసం తర్వాత వేరే జిల్లానుంచి నాలుగుసార్లు తిరగవలసి వస్తుంది.

పిల్లల చదువు విషయంలో తొందరపడి హైదరాబాదుకు మారే కుటుంబాలు ఒక సంగతి ఆలోచించాలి. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, వృత్తివిద్యా కళాశాలల ప్రవేశాలలో 'స్థానికుడు' అనిపించుకోవడానికి అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది ముఖ్యం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. తొమ్మిదో తరగతినుంచి ఇంటరు వరకు అక్కడ చదివిన పిల్లవాడికి ఇక్కడ ఎలాంటి చిక్కు వస్తుందో ఊహించండి. మారవద్దని కాదు. తెలిసి మారండి. చదివిన ప్రతి బడినుంచీ స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకోండి.

చిన్నపిల్లల టి.సి. ఆలస్యమైతే కంగారు పడనక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షను ప్రకారం ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలి. ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో టి.సి. రాలేదన్న కారణంతో ప్రవేశం ఆపకూడదు. రేషను బియ్యం గురించి కూడా దిగులు వద్దు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య మొదలైన పద్ధతి ఆ తర్వాత దేశమంతటికీ వచ్చింది. వేలిముద్ర వేసి కొత్త ఊరిలోనే సరుకు తీసుకోవచ్చు. ఓటును కొత్త చిరునామాకు మార్చుకోవడానికి ఫారం 8 ఇవ్వాలి. గ్యాసు కనెక్షను వేరే ఊరికి మార్చాలంటే సిలిండరు, రెగ్యులేటరు పాత డీలరుకు అప్పగించి వోచరు తీసుకోవాలి. గ్యాసు ఉన్న సిలిండరును సామానుతోపాటు బండిలో పడేసి తీసుకువెళ్లే అలవాటు మాత్రం మానాలి. దాని పక్కనే మన పిల్లలు కూర్చుంటారు.

గోనెలు, వరిగడ్డి, గుడ్ల అట్టలు

కట్టడానికి కావలసినవి మన ప్రాంతంలో కొననక్కరలేదు. బియ్యం మిల్లుల ఊరిలో పాత గోనెసంచులకు కరువేమిటి? పింగాణీకి, గాజు సామానుకు వరిగడ్డిని మించిన పరుపు లేదు, బాగా ఎండినదైతే చాలు. కోళ్లఫారాలు చుట్టూ ఉన్నాయి కాబట్టి గుడ్ల అట్టలు దొరుకుతాయి. టీ గ్లాసులు, చిన్న సీసాలు వాటి గుంటలలో చక్కగా కూర్చుంటాయి. పళ్లేలను పడుకోబెట్టకుండా నిలువుగా, మధ్యలో పాత కాగితం పెట్టి సర్దాలి. పరచి పేర్చినవి గోతుల్లో బండి ఎగిరినప్పుడు ఒకదాని బరువుకు ఒకటి పగులుతాయి.

ఆవకాయ జాడీ ఒక సమస్య. మారేది మే నెల, అప్పుడే కొత్త ఆవకాయ పెట్టి ఉంటారు. పైనున్న నూనెను వేరే సీసాలోకి వంచి, మూతిమీద రెండు మడతల గుడ్డ వేసి కట్టి, ఎవరైనా కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చోవాలి. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ నాదే. మామిడి వాసన వస్తే ఇప్పటికీ నాకు బండి కుదుపు గుర్తొస్తుంది.

మనుషుల విషయానికి వస్తే, మిల్లులలో బస్తాలు మోసే ముఠా కూలీలకు ఎత్తడంలోను, బండిలో పేర్చడంలోను ఉన్న నేర్పు ఇంకెవరికీ రాదు. అయితే దాళ్వా కోతలు, నూర్పిళ్లు జరిగే రోజులలో వాళ్లూ దొరకరు, లారీలూ దొరకవు. ముందే మాట్లాడుకోవాలి. ఎండలో బరువులు మోసేవారికి మజ్జిగ, మధ్యాహ్నం భోజనం మనమే పెట్టాలి. మాట్లాడుకున్న కూలి చెమట ఆరకముందే ఇవ్వాలి. చివర్లో మెట్ల దగ్గర నిలబెట్టి బేరం చేసేవారిని చూస్తే సిగ్గేస్తుంది.

మొదటి రాత్రికి ఒక సంచి వేరుగా ఉంచుకోండి. పాల గిన్నె, పంచదార, గ్లాసులు, సబ్బు, టార్చిలైటు, పెద్దవారి మందులు, జానమాజ్, మారుబట్టలు. ఈ సంచి బండిలో చివర ఎక్కి మొదట దిగాలి.

రోజు, నెల, ఇద్దత్

సఫర్ నెల మొదటి 13 రోజులను 'తేరా తేజీ' అని కొన్ని ఇళ్లలో మంచివి కావంటారు. ఆ రోజుల్లో ఇల్లు మారడానికి భయపడతారు. సఫర్ మాసానికి చెడు అంటగట్టడాన్ని ప్రవక్త (స) పేరుపెట్టి మరీ కాదన్నారు. భయపడవలసింది తిథిని చూసి కాదు, వానను చూసి. గోదావరి జిల్లాలలో జూన్ మధ్యనుంచి వానలు, అక్టోబరు, నవంబరులలో తుఫానులు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే గనుక రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2018, 2019లలో అది మే నెలలో పడింది. ఉపవాసంతో ఎండలో సామాను మోసినవారికి ఆ కష్టం తెలుసు.

ఆషాఢంలో కొత్తవారిని ఇంట్లో దింపుకోవడానికి హిందూ యజమానులు ఇష్టపడకపోతే వారి మాట మన్నించడంలో మనకు పోయేదేమీ లేదు. ఇల్లు అడగడానికి వెళ్లినపుడు పేరు వినగానే "ఇప్పుడే వేరేవారికి ఇచ్చేశామండీ" అనే మాట మనలో చాలామంది విన్నదే. బోర్డు మాత్రం మరుసటి వారం కూడా వేలాడుతూనే ఉంటుంది. ఆ చేదు ఉన్నప్పటికీ, ఇల్లు ఇచ్చినవారితో వంట విషయం, బక్రీదు విషయం, వచ్చిపోయే బంధువుల విషయం మొదటిరోజే విప్పి మాట్లాడుకుంటే ఇరుపక్షాలకూ సుఖం.

భర్తను పోగొట్టుకున్న సోదరి ఇద్దత్‌లో ఉండగా ఇల్లు ఖాళీ చేయమన్న సందర్భాలు వస్తుంటాయి. నాలుగు నెలల పది రోజులు ఆమె ఆ ఇంట్లోనే ఉండాలన్నది నియమం. గర్భవతి అయితే ప్రసవం వరకు. జమాత్ పెద్దలు ఇలాంటప్పుడు మాట సాయం చేయాలి, ఇంటివారిని కలిసి గడువు అడగాలి. ఎంత చెప్పినా వినకపోతే, లేక ఇల్లు కూలేలా ఉంటే, ప్రాణానికో మానానికో భయముంటే మారడానికి ధర్మవేత్తలు అనుమతి ఇచ్చారు. మిగిలిన రోజులు కొత్త చోట గడపవచ్చు. ఈ సంగతి తెలియక, కురిసే కప్పు కింద చంటిబిడ్డతో కూర్చున్న ఒక ఇల్లాలిని మా చిన్నతనంలో చూశాము. ఆమెకు అది చెప్పగలిగినవారు అదే వీధిలో నలుగురు ఉన్నారు.

మూడు వందల చదరపు అడుగులు

కొన్నేళ్లుగా మన పట్టణాలలో కొత్తరకం మార్పు వచ్చింది. పెంకుటింటి వాటాలనుంచి టిడ్కో వారి మూడంతస్తుల పైకప్పుల కిందకు. మండపేట గొల్లపుంతలోనూ అవి కట్టారు. ఒక్కో ఇల్లు 300, 365 లేదా 430 చదరపు అడుగులు. అద్దె బాధ తప్పడం చిన్న సంగతి కాదు. కాని పెంకుటింట్లో అటక మీద తరాలుగా పోగైనదంతా అక్కడ పట్టదు. తాళం చేతికి రాగానే టేపు తీసుకెళ్లి గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు కొలుచుకోండి. పట్టెమంచం, పాత ఇనుప బీరువా ఆ మలుపు తిరగవని పైకి మోయించాక తెలుసుకోవడం కన్నా ముందే తెలుసుకోవడం మంచిది. గోడలు కాంక్రీటువి, సుత్తితో మేకు దిగదు. అరలకు, కొక్కేలకు డ్రిల్లు కావాలి. ఖిబ్లా మనకు పడమర అని చెప్పుకుంటాం. లెక్కకు చూస్తే మండపేటనుంచి పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది. మొదటి రోజే గుర్తు పెట్టుకుంటే అతిథులు అడిగినప్పుడు తడుముకోనక్కరలేదు.

అంతస్తుల ఇంట్లో మరో కొత్త బంధం మొదలవుతుంది. మన నేల కింద వేరొకరి కప్పు. పెంకుటింట్లో పెరిగినవారికి ఇది వెంటనే తట్టదు. నీళ్లు ఒంపేస్తాం, రాత్రి పూట రోలు దంచుతాం. మదీనాలో అబూ అయ్యూబ్ (రజి) ఇల్లు రెండంతస్తులది. ప్రవక్త (స) వచ్చేవారి సౌకర్యం కోసం కింద ఉంటానన్నారు, ఆ దంపతులు పైన ఉన్నారు. ఒకనాటి రాత్రి పైన నీళ్ల కుండ పగిలింది. బొట్టు కిందికి జారుతుందేమోనన్న కంగారులో, కప్పుకోవడానికి ఉన్న ఒక్క దుప్పటితోనే భార్యాభర్తలిద్దరూ ఆ నీరంతా అద్దారు. ఆ రాత్రి వారికి కప్పుకోవడానికి ఏమీ మిగలలేదు.

ఊరు వదిలే రోజు

ఊరు విడిచే ముందు శుక్రవారం నమాజు తర్వాత నాన్నగారు నన్ను ఖబరస్తానుకు తీసుకెళ్లారు. మా నానమ్మ అక్కడే ఉంది. సమాధి మీద మొలిచిన ముళ్ల కంప తీసి, దుఆ చేసి, పక్కనే ఉన్న కాపలా ముసలాయనకు చేతిలో ఏదో పెట్టారు. ఆయన బతికినంత కాలం ఏడాదికోసారి మనియార్డరు పంపేవారు.

బండి ఎక్కించడం అయ్యాక ఇల్లు ఒట్టిదైంది. మాట్లాడితే మారుమోగుతోంది. అందరూ ఎండకు బండి నీడన నిలబడి ఉన్నారు. అమ్మగారు మాత్రం మళ్లీ లోపలికి వెళ్లి మూడు గదులూ ఊడ్చారు. గోడకున్న మేకులు పీకకుండా వదిలేశారు. నన్ను నూతి దగ్గరకు పంపి రెండు బిందెలు నీళ్లు తెప్పించి, మేము వదిలివెళ్తున్న మట్టికుండ నిండా పోసి మూతపెట్టారు. పొయ్యి గట్టు మీద ఒక అగ్గిపెట్టె, చిన్న పొట్లంలో ఉప్పు పెట్టారు. తర్వాత ఆ ఇంట్లోకి ఎవరు రాబోతున్నారో మాకు తెలియదు. తాళం వేసి, చెవి ఇంటివారి చేతిలో పెట్టి, పిన్నిగారి గుమ్మం వైపు ఒకసారి చూసి బండి ఎక్కారు.